ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వాహనాన్ని నేల నుంచి మరింత ఎత్తుకు లేపే భాగాల సెట్టయిన లిఫ్ట్ కిట్ గురించి అడిగేవారిలో ఎక్కువమంది "ఎన్ని అంగుళాలు వేయించాలి?" అనే మొదలుపెడతారు. నిజానికి అది చివరగా తేల్చుకోవలసిన సంగతి. వాహనం రోజూ ఎంత బరువు మోస్తుంది, ఎలాంటి దారుల్లో తిరుగుతుంది, దాని ముందు యాక్సిల్ ఏ రకానిది అన్నవి ముందు తెలిస్తే, ఎత్తు ఎంత ఉండాలన్నది పెద్ద చర్చ లేకుండానే తేలిపోతుంది.

సస్పెన్షన్ లిఫ్ట్‌కూ బాడీ లిఫ్ట్‌కూ తేడా ఏమిటి?

బాడీ లిఫ్ట్‌లో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య ఉండే మౌంటుల దగ్గర దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు ఉన్నచోటే ఉంటాయి కనుక పెద్ద టైర్లకు చోటు దొరకడం తప్ప వాహనం అడుగుభాగానికి ఒరిగేదేమీ ఉండదు. సస్పెన్షన్ లిఫ్ట్‌లో స్ప్రింగులనో వాటి అమరికనో మార్చి, యాక్సిళ్ల మీద ఛాసిస్‌నే పైకి తెస్తారు. తగిన పొడవున్న షాక్ అబ్జార్బర్లు జతచేస్తే చక్రం పైకీ కిందికీ ఆడే దూరాన్ని కూడా పెంచుకోవచ్చు. విడిగా ఛాసిస్ లేని మోనోకాక్ వాహనాలకు బాడీ లిఫ్ట్ ప్రసక్తే రాదు.

50 మి.మీ. లిఫ్ట్ వేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ కూడా 50 మి.మీ. పెరుగుతుందా?

ఛాసిస్ కింద పెరుగుతుంది. సాలిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్నచోట, దాని మీద ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బా అయిన డిఫరెన్షియల్ కింద ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, ఎందుకంటే యాక్సిల్ చక్రాలకే బిగించి ఉంటుంది, స్ప్రింగులు దాని పైన ఉంటాయి. అక్కడ ఎడం పెరగాలంటే టైరు పెద్దది కావాలి, అదీ వ్యాసంలో పెరిగినదానిలో సగమే కలిసివస్తుంది. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే యాక్సిల్ కింద వచ్చేది ఒక్క అంగుళం.

మరి లిఫ్ట్ వల్ల లాభం ఎక్కడ? ముందు, వెనుక బంపర్లు నేలకు తగలకుండా ఎక్కగల, దిగగల వాలులో ఒక భాగం ఉంది, గట్టు దాటేటప్పుడు వాహనం నడుము తగలకుండా ఉండటంలో మరో భాగం ఉంది. రెండోదాన్ని సుమారుగా లెక్కవేసుకోవచ్చు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2750 మి.మీ., నడుము కింద ఎడం 220 మి.మీ. ఉన్న వాహనానికి బ్రేక్‌ఓవర్ కోణం, అంటే నడుము తగలకుండా దాటగల గట్టు కోణం, సుమారు 18 డిగ్రీలు వస్తుంది. ఎడం 270 మి.మీ. అయితే అది 22 డిగ్రీలకు చేరుతుంది. చూడటానికి నాలుగు డిగ్రీలే అయినా, మెట్టలా లేచిన గట్టు మీద నడుము ఆనుకుని చక్రాలు గాల్లో తిరగడానికీ, సాఫీగా దాటిపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

అయితే ఎంత ఎత్తు సరిపోతుంది?

రోజువారీ ప్రయాణాలకూ, దూరప్రయాణాలకూ, మధ్యమధ్య మట్టిదారులకూ ఒకే వాహనాన్ని వాడేవారికి 40 నుంచి 50 మి.మీ. చాలు. చాలా వాహనాల్లో ఈ హద్దు దాకా స్ప్రింగులు, షాకులు, ఒకటి రెండు సర్దుబాటు భాగాలతో పని ముగుస్తుంది. 75 మి.మీ. దాటితే స్టీరింగు, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేకు గొట్టాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. 100 మి.మీ. దాటించాలనుకుంటే వాహనాన్ని దాదాపు కొత్తగా రూపొందిస్తున్నట్టే లెక్క. బండి ఎత్తుగా కనిపించాలన్న కోరిక తప్పేమీ కాదు గానీ, ఆ కోరికకు అయ్యే ఖర్చు స్ప్రింగుల దగ్గర ఆగదని ముందే తెలిసి ఉండాలి.

స్ప్రింగును ఏ లెక్కన ఎంచుకోవాలి?

ఈ ఎంపిక కుదిరితే మిగతావి చాలావరకు కుదురుతాయి, ఇక్కడ తప్పితే ఎంత మంచి షాకులు వేసినా ప్రయాణం బాగుండదు. తయారీదారులు ఒకే 50 మి.మీ. లిఫ్ట్‌కు రెండు మూడు రకాల స్ప్రింగులు ఇస్తారు: అదనపు బరువు లేని వాహనానికి ఒకటి, ఇనుప బంపరు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) వంటివి ఉన్నదానికి మరొకటి, ఎప్పుడూ నిండుగా బరువు మోసేదానికి ఇంకొకటి. డబ్బా మీద రాసిన 50 మి.మీ. అనేది ఆ స్ప్రింగుకు నిర్దేశించిన బరువు వాహనం మీద ఉన్నప్పుడు వచ్చే ఎత్తు మాత్రమే. బరువు లేని వాహనానికి గట్టి స్ప్రింగు వేస్తే అది 50కి బదులు 70 మి.మీ. లేచి కూర్చోవచ్చు. పైగా ప్రతి చిన్న గుంతకూ ఎగిరిపడుతుంది, చక్రం కిందికి దిగడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. మెత్తటి స్ప్రింగు మీద ఎక్కువ బరువు పెడితే దీనికి పూర్తిగా తిరగబడుతుంది: కొన్నాళ్లకే వాహనం ఒరిజినల్ ఎత్తుకు దిగిపోతుంది, చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ అయిన బంప్ స్టాపు మాటిమాటికీ తగులుతుంది.

బరువును ఊహించి చెప్పకూడదు, తూయించాలి. ఇంధనం నింపి, రోజూ ఉండే సామానుతో వేబ్రిడ్జి మీదికి తీసుకువెళ్లి ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్ బరువులు వేర్వేరుగా రాయించుకోవడం మేలు. ఎందుకంటే బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ పెట్టారన్నది కూడా లెక్కే. ముందు యాక్సిల్‌కు 700 మి.మీ. ముందుగా 90 కిలోల బంపరు, వించ్ బిగించారనుకుందాం. చక్రాల మధ్య దూరం 2750 మి.మీ. అయితే ముందు యాక్సిల్ మీద పడేది 90 కాదు, దాదాపు 113 కిలోలు. ఎక్కువైన 23 కిలోలు వెనుక యాక్సిల్ మీద తగ్గుతాయి. ఒక మిల్లీమీటరు కుదించడానికి 3 కిలోలు పట్టే స్ప్రింగు ముందు రెండు పక్కలా ఉంటే, ఒక్కోదాని మీద 56 కిలోల చొప్పున పడి ముక్కు సుమారు 19 మి.మీ. దిగుతుంది. 50 మి.మీ. లిఫ్ట్‌లో మూడో వంతుకు పైగా ఇలా బంపరుకే సరిపోయింది. కిట్ వేయించాక బంపరు కొనేవారు ఈ లెక్క మరిచిపోయి, స్ప్రింగు నాణ్యత బాగా లేదని అనుకుంటారు.

ఏడాదిలో ఎక్కువ రోజులు వాహనం మీద ఏ బరువు ఉంటుందో దానికి తగిన స్ప్రింగునే ఎంచుకోవాలి.

నిండా సామాను వేసేది అప్పుడప్పుడే అయితే?

అలాంటప్పుడు రోజువారీ బరువుకు తగిన స్ప్రింగులు వేసి, వెనుక కాయిల్ స్ప్రింగుల లోపల గాలి సంచులు పెట్టించుకోవచ్చు. బరువు వేసిన రోజు గాలి నింపి, దించాక తగ్గించుకోవచ్చు. కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) వాహనాల్లో మాత్రం ఈ గాలి సంచులను జాగ్రత్తగా వాడాలి. పట్టీ ముందు చివరా వెనుక చివరా ఛాసిస్‌కు చేరవలసిన బరువంతా సంచి ఉన్న ఒక్కచోట పడుతుంది. అధిక బరువుతో, ఎగుడుదిగుడు దారుల్లో ఇలా నడిపిన పికప్‌ల ఛాసిస్‌లు ఆ చోట వంగిన సందర్భాలు ఉన్నాయి.

గట్టి స్ప్రింగులు వేస్తే వాహనం మోయగల అధికారిక పరిమితి పెరుగుతుందా?

పెరగదు. ఆ పరిమితిలో బ్రేకులు, యాక్సిళ్లు, బేరింగులు, టైర్లు, ఛాసిస్ అన్నీ కలిసి ఉంటాయి, స్ప్రింగు వాటిలో ఒకటి మాత్రమే.

స్ప్రింగులు మార్చకుండా స్పేసర్లతో పని జరిపించుకోవచ్చా?

25 మి.మీ. లోపు ఎత్తుకు, ముఖ్యంగా ముక్కు కాస్త దిగి ఉన్న వాహనాన్ని సమం చేయడానికి నాణ్యమైన స్పేసర్లు (స్ప్రింగుకు దన్నుగా పెట్టే దిమ్మలు) పనికివస్తాయి. అయితే స్పేసరు స్ప్రింగు స్వభావాన్ని మార్చదు: గట్టిదనం, బరువు మోసే తీరు అన్నీ పాతవే. షాకులు కూడా పాతవే ఉంటే, వాహనం పైకి లేచినంత మేరా షాకు ముందే సాగి ఉంటుంది, చక్రం గుంతలోకి దిగేటప్పుడు దానికి సాగే చోటు మిగలదు. స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసి ఉన్న భాగం) మీద పెట్టే స్పేసర్ల విషయంలో మరో సంగతి ఉంది. ప్రతి చక్రం విడిగా ఆడే స్వతంత్ర సస్పెన్షన్‌లో స్ట్రట్ కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో బిగిసి ఉంటుంది కనుక, పైన 25 మి.మీ. దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు 50 మి.మీ. ఎత్తు వస్తుంది. దిమ్మ మందమే లిఫ్ట్ అనుకుని కొంటే అనుకున్నదానికి రెట్టింపు లేస్తుంది.

వెనుక కమాను పట్టీలు ఉన్న వాహనానికి ఏ పద్ధతి మంచిది?

తగిన బరువుకు తయారైన కొత్త పట్టీల కట్ట అన్నిటికంటే మంచిది. ఉన్న కట్టలోకి అదనపు పట్టీ దూర్చడం చవక, కానీ పాత పట్టీలు అప్పటికే అలిసి ఉంటే ఫలితం ఎక్కువ కాలం నిలవదు, ప్రయాణమూ గట్టిగా మారుతుంది. పొడవైన షాకిళ్లు (పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే లింకులు) వేస్తే పెరిగిన పొడవులో సుమారు సగమే ఎత్తుగా వస్తుంది, పైగా యాక్సిల్ కొద్దిగా తిరిగి పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే డిఫరెన్షియల్ గేరు) కోణం మారుతుంది. యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య దిమ్మలు పెట్టడం వెనుక యాక్సిల్‌కు, తక్కువ ఎత్తుకు, ఒకే దిమ్మ అయితే ఒప్పుకోవచ్చు. దిమ్మ మీద దిమ్మ పేర్చకూడదు. ముందు యాక్సిల్‌కు దిమ్మలు అసలే పనికిరావు, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు యాక్సిల్‌ను తిప్పే బలం దిమ్మ ఎత్తుతో పాటు పెరుగుతుంది, అది జారితే చేతిలో స్టీరింగు ఉండదు. యాక్సిల్‌ను పట్టీలకు బిగించే యు-బోల్టులను విప్పితే, వాటిని మళ్లీ వాడకుండా కొత్తవి వేయించుకోవాలి, ఒకసారి బిగుతుకు సాగినవి రెండోసారి అంత పట్టు ఇవ్వవు.

షాక్ అబ్జార్బర్లలో ఏ రకం తీసుకోవాలి?

మామూలు వాడకానికి గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్ షాకులు చాలు. వాటిలో ఒక గొట్టం లోపల మరో గొట్టం ఉంటుంది కనుక రాయి తగిలి బయటి గొట్టం కొంచెం సొట్టపడినా పిస్టన్ పని ఆగదు. మోనోట్యూబ్ షాకులు వేడిని త్వరగా వదులుతాయి, స్పందనా చురుగ్గా ఉంటుంది, కానీ గోడ సొట్టపడితే పిస్టన్ పట్టేస్తుంది. ఎగుడుదిగుడు దారి మీద గంటల తరబడి వేగంగా వెళ్లేవారికి నూనె వేడెక్కి, గాలితో కలిసి నురగ పట్టి, షాకు తన పని మానేయడం పెద్ద సమస్య. ఫోమ్ సెల్ షాకుల్లో గ్యాస్‌కు బదులు గాలిగదుల ఫోమ్ పెట్టి ఆ నురగను ఆపుతారు. విడి రిజర్వాయర్ ఉన్న షాకుల్లో ఎక్కువ నూనె పట్టి, వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. వారానికోసారి మట్టిరోడ్డు ఎక్కే వాహనానికి రిజర్వాయర్ షాకులు అవసరం లేదని నా అభిప్రాయం. ఆ డబ్బును మంచి టైర్లకు పెట్టడం నయం.

రకం కన్నా పొడవు ముఖ్యం. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు షాకు మూసుకుపోయేలోపే బంప్ స్టాపు తగలాలి. పొడుగు షాకు మూసినప్పుడూ పొడుగే కనుక, దానికి తగినట్టు బంప్ స్టాపును కూడా కిందికి దింపవలసి రావచ్చు. ఈ పని వదిలేసిన వాహనంలో పెద్ద గుంత దెబ్బ నేరుగా షాకు లోపలికి, దాని మౌంటుకు తగులుతుంది.

ముందు సాలిడ్ యాక్సిల్ ఉన్న వాహనం లిఫ్ట్ తర్వాత పక్కలకు లాగుతుందెందుకు?

రెండు కారణాలుంటాయి. మొదటిది క్యాస్టర్, అంటే పక్క నుంచి చూసినప్పుడు ముందు చక్రం స్టీరింగుతో తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం. రేడియస్ ఆర్మ్‌లతో (ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య ఉండే పొడవాటి చేతులు) నిలిచిన యాక్సిల్ విషయంలో, ఛాసిస్ పైకి లేచినప్పుడు ఆర్మ్‌తో పాటు యాక్సిల్ కూడా తిరుగుతుంది. ఆర్మ్ పొడవు 900 మి.మీ. అనుకుంటే 50 మి.మీ. లిఫ్ట్‌కు క్యాస్టర్ 3 డిగ్రీలకు పైగా తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నడిమికి రావడానికి కారణం ఆ కోణమే. అది తగ్గితే తిన్నని రోడ్డు మీద కూడా వాహనాన్ని నిమిషానికోసారి సరిదిద్దుకుంటూ నడపాలి. ఆఫ్‌సెట్ బుష్‌లతోనో, సవరించిన ఆర్మ్‌లతోనో ఆ కోణాన్ని తిరిగి తెస్తారు.

రెండోది ప్యానార్డ్ రాడ్. ఒక కొస ఛాసిస్‌కు, మరో కొస యాక్సిల్‌కు బిగిసిన ఈ అడ్డ కడ్డీ, వాహనం పైకి లేచినప్పుడు ఏటవాలు పెరిగి, యాక్సిల్‌ను ఛాసిస్ మౌంటు ఉన్న వైపుకు లాగుతుంది. వెనుక నుంచి చూస్తే ఒక పక్క టైరు ఎక్కువగా బయటికి కనిపిస్తుంది. పొడవు సర్దుకోగల రాడ్ వేస్తే ఇది కుదురుతుంది. అయితే రాడ్‌ను సవరించి స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే డ్రాగ్ లింకును వదిలేయడం, లేదా లింకును సవరించి రాడ్‌ను వదిలేయడం మంచిది కాదు. ఈ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే, ప్రతి గుంతకూ స్టీరింగు దానంతట అది పక్కకు తిరుగుతుంది.

ముందు స్వతంత్ర సస్పెన్షన్ ఉంటే ఏవి చూడాలి?

ఇక్కడ హద్దును నిర్ణయించేది సీవీ జాయింట్, అంటే డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే షాఫ్ట్ కొసన వంగగల కీలు. డిఫరెన్షియల్ ఛాసిస్‌తో పాటు పైకి వెళ్తుంది, చక్రం కిందే ఉంటుంది, మధ్యలో ఉన్న షాఫ్ట్ కోణం పెరుగుతుంది. కోణం పెరిగిన కొద్దీ జాయింట్ అరుగుదల, రబ్బరు బూటు చిరుగుదల పెరుగుతాయి. అందుకే ఇలాంటి వాహనాల్లో 50 మి.మీ. దాటకపోవడం శ్రేయస్కరం. కొన్ని కిట్లలో డిఫరెన్షియల్‌ను కొంచెం దింపే దిమ్మలు కూడా ఇస్తారు. మరోవైపు, ఒరిజినల్ పై ఆర్మ్‌లతో క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), క్యాస్టర్ కొలతలు ఎలైన్‌మెంట్‌కు అందకపోవచ్చు, బాల్ జాయింట్ కూడా తన హద్దు దగ్గర పనిచేయవలసి వస్తుంది. అప్పుడు కోణం మార్చి తయారుచేసిన పై ఆర్మ్‌లు కావాలి. స్ట్రట్ స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి విప్పే పని ఇంట్లో చేయదగినది కాదు, పట్టు తప్పిన స్ప్రింగు ప్రాణం తీయగలదు.

బ్రేకుల మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. ముందుగా గొట్టాలు: చక్రం పూర్తిగా కిందికి వేలాడుతున్నప్పుడు, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు గొట్టమూ ఏబీఎస్ తీగా బిగుసుకోవడం లేదని కళ్లతో చూడాలి. యాక్సిల్‌కు గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టాన్ని కూడా అప్పుడే చూసుకోవాలి.

తక్కువమంది పట్టించుకునేది వెనుక యాక్సిల్ దగ్గర ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వు. అది ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య దూరాన్ని ఒక చిన్న కడ్డీతో గమనించి, బరువు ఎక్కువుంటే వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి, తక్కువుంటే తక్కువ ఒత్తిడి పంపుతుంది. లిఫ్ట్ వేశాక దూరం పెరగడంతో, నిండా సామాను ఉన్నా ఖాళీగా ఉందనుకుని వెనుక బ్రేకులను తగ్గిస్తుంది. కడ్డీని సర్దడమో, చిన్న బ్రాకెట్ వేయడమో దీనికి మందు. ఈ వాల్వు ఉన్న వాహనానికి కిట్ అమ్ముతూ బ్రాకెట్ సంగతి ఎత్తనివారి దగ్గర మిగతా సలహాలను కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసుకోవాలి.

కెమెరా, రాడార్లతో తానే బ్రేకు వేసే కొత్త వాహనాల్లో వాటి చూపు కోణం మారుతుంది కనుక మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. హెడ్‌లైట్లను దించడం ఎటూ తప్పదు.

లిఫ్ట్ తర్వాత ఒక వేగం దగ్గర వణుకు వస్తోంది. కారణం?

చాలావరకు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణమే. రెండు కొసల వద్ద మామూలు యూనివర్సల్ జాయింట్లు ఉన్న షాఫ్ట్‌లో గేర్‌బాక్సు వైపు కోణమూ, పినియన్ వైపు కోణమూ దాదాపు సమానంగా ఉండాలి. అప్పుడే ఒకదాని ఎగుడుదిగుడు వేగాన్ని రెండోది సరిచేస్తుంది. చక్రాల మధ్య దూరం తక్కువున్న వాహనాల్లో షాఫ్ట్ పొట్టిది కనుక ఇబ్బంది ముందే కనిపిస్తుంది. యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య వాలు బిళ్లలు పెట్టడం, గేర్‌బాక్సు క్రాస్ మెంబరును కొంచెం దింపడం, ఎక్కువ ఎత్తుకు డబుల్ కార్డన్ (జంట యూనివర్సల్) జాయింట్ ఉన్న షాఫ్ట్ వేయడం వాడుకలో ఉన్న మార్గాలు.

పెద్ద టైర్లు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు గానీ, లిఫ్ట్ వేశాం కదా అని ఏ టైరైనా పట్టదు. టైరు రాసుకునేది ఎక్కువగా స్టీరింగు చివరిదాకా తిప్పి, ఆ చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడే. ఆ స్థితిని నిర్ణయించేవి బంప్ స్టాపు, రిమ్ము ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్నది). చదును నేల మీద నిలబెట్టి చూసి సరిపోయిందనుకోవడం చాలదు, ఒక చక్రాన్ని ర్యాంపు ఎక్కించి స్టీరింగు తిప్పి చూడాలి. 31 నుంచి 33 అంగుళాలకు మారితే స్పీడోమీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 106 దాటి ఉంటుంది. ఇంజను లాగే శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గినట్టు అనిపిస్తుంది. 4.10 యాక్సిల్ గేరు నిష్పత్తి ఉన్న వాహనానికి పాత లాగుడు తిరిగి రావాలంటే సుమారు 4.36 కావాలి.

బోల్తా పడే ప్రమాదం ఎంత పెరుగుతుంది?

వాహనం స్థిరత్వాన్ని అంచనా వేయడానికి, ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పును గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తారు. వెడల్పు 1500 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 మి.మీ. అయితే 1.07 వస్తుంది, ఆ ఎత్తు 750 అయితే 1.00కు పడిపోతుంది. యాక్సిళ్లు, చక్రాలు కిందే ఉంటాయి కనుక 50 మి.మీ. సస్పెన్షన్ లిఫ్ట్‌కు గరిమనాభి పూర్తిగా 50 మి.మీ. లేవదు. పైకప్పు క్యారియరు మీద పెట్టే సామాను మాత్రం దాన్ని ఇంకా పైకి లాగుతుంది. లిఫ్ట్ వేసిన వాహనానికి పైకప్పు మీద బరువు తగ్గించడం, మలుపుల్లో వేగం తగ్గించడం తప్పనిసరి. స్వే బార్ (మలుపుల్లో బండి పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) తీసేయమనే సలహాను రోడ్డు మీద నడిచే వాహనానికి అసలు వినకూడదు, లింకులు పొడిగించి దాన్ని ఉంచుకోవాలి.

చట్టం, బీమా సంగతి ఏమిటి?

నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి. కిట్ కొనకముందే రిజిస్ట్రేషన్ అధికారుల నుంచీ బీమా సంస్థ నుంచీ రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.

బిగించే రోజున, ఆ తర్వాత ఏం గమనించాలి?

ముందుగా, విప్పకముందే నాలుగు చక్రాల దగ్గరా హబ్ నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలో కలిసిపోతుంది. ఆర్మ్‌లు, పట్టీల రబ్బరు బుష్‌ల బోల్టులను వాహనం బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగుతు బిగించాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, వాహనం కిందికి దిగగానే ప్రతి బుష్ మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. వర్క్‌షాపులో నిలబడి చూడదగిన పని ఏదైనా ఉంటే ఇదే.

అదే రోజు వీల్ ఎలైన్‌మెంట్ చేయించి, ముందు వెనుక కొలతలున్న ప్రింటు తీసుకోవాలి. 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు యు-బోల్టులతో సహా అన్ని బోల్టులనూ టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. కొత్త స్ప్రింగులు మొదట్లో కొద్దిగా కుదురుకోవడం సహజం, కాబట్టి అప్పుడే హబ్ దగ్గర కొలతలు మరోసారి తీయాలి. ఒక పక్క మాత్రమే ఎక్కువగా దిగి ఉంటే, ఎడమ కుడి స్ప్రింగులు తారుమారయ్యాయేమో చూడాలి. ఇంధన ట్యాంకు, డ్రైవరు ఉండే వైపు బరువును బట్టి కొన్ని కిట్లలో రెండు పక్కలకూ వేర్వేరు ఎత్తుల స్ప్రింగులు వస్తాయి, వాటి మీది గుర్తు బిగించాక కనిపించకపోవచ్చు.

విప్పిన పాత భాగాలను ఏం చేయాలి?

స్ప్రింగులు, షాకులు, ఆర్మ్‌లు, చిన్న బ్రాకెట్లతో సహా తుడిచి, గ్రీజు రాసి, ఎడమ కుడి అని గుర్తు పెట్టి దాచుకోవాలి. తనిఖీ సమయంలో గానీ, వాహనాన్ని అమ్మేటప్పుడు గానీ మళ్లీ ఒరిజినల్ స్థితికి తేవలసి వస్తే, వాటిని విడివిడిగా కొనే ఖర్చు కొత్త కిట్ ఖర్చుకు దగ్గరగా పోతుంది.